చలికి పెరగని ఈస్ట్

మే 10, 2020

"ఎవడు వాడు?" – అమ్మ. పొద్దున్నే, నా చాయ్ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే.

రెండేళ్ళుగా మా ఇంట్లో వాళ్ళు కట్టుకున్న కథ ఇది: ఆదివారం కూడా యూనివర్సిటీకి ఉరికే పిల్లకు అక్కడ ఎవడో ఉన్నాడు. ఉన్నాడు కాబట్టే జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోకుండా పోతుంది. ఈ తర్కం ఎవరిదో అడగాలి.

అన్న, రీచార్జ్ చేస్తానని నా ఫోన్ తీసుకుని ఫోటోలన్నీ తిరగేశాడు. దొరికినవి – గుండ్రటి ప్లేట్లు, వాటి మీద తెల్లచుక్కల వరుసలు. వందల ఫోటోలు.

"ఏందే గివి, ఇడ్లీలా?"

"ఈస్ట్."

"ఐతారం ఐతారం డుమస్ బీచ్‌ల ఎవనితోనో టమాటా భజియా తింటున్నవనుకున్న యార్." నిజంగానే నిరాశపడ్డాడు.

అమ్మకు మాత్రం కోపం రెట్టింపయింది. "పోరడైతే పిలిచి మాట్లాడుదుము. రొట్టె పులిసే పిండి కోసమా గింత ఉరుకుడు?"

ప్రేమ అంటే తిట్టి, ఏడ్చి, చివరికి క్షమిస్తారు. పని అంటే నమ్మనే నమ్మరు.

మే 11

లాక్‌డౌన్‌తో మగ్గాలు బంద్. సూరత్‌లో ఈ మగ్గాల పేట, మా లింబాయత్‌కు నిశ్శబ్దం ఉంటుందని పుట్టాక ఇప్పుడే తెలిసింది. పక్క గదిలో ఎవరు దగ్గినా నలుగురం తలెత్తుతున్నాం.

మే 13

ఇంట్లో ఎవరూ అడగరు. ఇక్కడ రాసుకుంటాను.

కణంలో ప్రొటీన్లను తయారుచేసేది రైబోజోమ్. మరి రైబోజోమ్‌ను తయారుచేసేది? కంటికి ఆనని ఈస్ట్ కణం నిమిషానికి రెండువేల దాకా కట్టుకుంటుంది. పొడవాటి ఆర్‌ఎన్‌ఏ పోగు, దాని మీద పదుల కొద్దీ ప్రొటీన్లు, చివరికి ఒక చిన్న ముక్క, ఒక పెద్ద ముక్క. వాటంతటవి అమరవు. రెండువందల పైచిలుకు సాయం ప్రొటీన్లు వస్తాయి. ఒకటి పోగును కత్తిరిస్తుంది, ఒకటి మడుస్తుంది, ఒకటి – తొందరపడి పని మొదలుపెట్టకుండా అడ్డంగా పట్టుకుని కూర్చుంటుంది. కట్టడం పూర్తి కాగానే అన్నీ వెళ్ళిపోతాయి. తయారైన రైబోజోమ్‌లో వాటి జాడే ఉండదు.

నా ఈస్ట్‌లో, ఆ పట్టుకునే ప్రొటీన్‌కు ఒకచోట లోపం. పట్టుకుంటుంది. వదలదు.

ముప్పై డిగ్రీల దగ్గర ఎలాగో ఊడి వస్తుంది. ఈస్ట్ పెరుగుతుంది, చూసేవాళ్ళకు అంతా బాగానే ఉంటుంది. ఇరవై దగ్గర బిగుసుకుపోతుంది. సగం కట్టిన ముక్కలు పేరుకుపోతాయి. ప్లేటు ఖాళీ.

ఆ ఖాళీని చూడటానికే ఆదివారాలు పోయాను. రెండేళ్ళు.

మే 14

మామ ఫోన్, ఊరి నుంచి. "బావా, ఆడ ఏం జూసుకుంట ఉంటరు, అందర్ని తీస్కొని రా." ఇక్కడి మన తెలుగువాళ్ళంతా కలిసి బస్సు మాట్లాడుతున్నారట. ప్రయాణానికి పాసులు రాగానే కదులుతుందట.

బాపు "ఊ" అన్నాడు. "ఊ" అంటే అయిపోయినట్టే.

మే 17

బాపుకు చెప్పాలని చూశాను. ఆయన నేతపనివాడు కదా, ఆ దారిలో వెళ్దామనుకున్నాను. "బాపూ, పోగులు ఒకదాంట్లొకటి కలవకుండ అడ్డంగ దారం కడుతరు గదా. నేత మొదలైనంక అది అట్లనే ఉంటే ఏమైతది?"

"మగ్గాలే బందున్నయి. నాకు మగ్గం ముచ్చట జెప్తవా?"

అంతే. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గడప మీద కూర్చున్నాడు. నా తెలివి అక్కడితో సరి.

మే 19

అసలు సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. అన్నే కనిపెట్టాడు.

మళ్ళీ ఫోన్ తీశాడు (ఈసారి అడిగి). ఆఖరి ఫోటో దగ్గర ఆగి, వేళ్ళతో పెద్దది చేసి – "మౌనీ, అంతా ఖాళీ ఉంది గదా. గీ ఒక్క చుక్కేంది?"

లాక్‌డౌన్‌కు ముందు, ల్యాబ్ మూసేసిన రోజు తీసింది. ఇరవై డిగ్రీల ప్లేటు. ఏదీ పెరగకూడని చోట ఒక మూల – సూదిమొన అంత.

చెప్పాను. ఆ ఒక్క కణంలో ఇంకెక్కడో ఇంకో మార్పు జరిగి ఉంటుంది. ఆ మార్పు వల్ల బిగుసుకున్న పట్టు వదిలింది. ఎక్కడ జరిగిందో దొరికితే, పట్టు విడిపించేది ఎవరో తెలుస్తుంది. "ఎవరికీ తెల్వదన్నా, ఇంతవరకు."

"గదిప్పుడు యాడున్నది?"

"ల్యాబ్ ఫ్రిజ్‌లో. చుట్టూ టేపు చుట్టి పెట్టి వచ్చిన. అప్పటికి మరీ చిన్నది, తియ్యరాలే."

"ఖరాబైతదా?"

"ఎండిపోతది. చస్తది. ఎప్పుడో తెల్వదు." సరైన ద్రావణంలో కలిపి మైనస్ ఎనభైలో పెడితే ఏళ్ళు బతుకుతుంది. ప్లేటు మీదైతే ఇన్ని వారాలు బతకడమే ఎక్కువ.

అన్న ఫోటోను ఇంకోసారి పెద్దది చేసి చూశాడు. "అచ్ఛా" అని ఫోన్ ఇచ్చాడు. ఈ ఇంట్లో నా పని గురించి ఎవరైనా రెండో ప్రశ్న అడగడం ఇదే మొదలు.

మే 23

మా గైడ్ మేడమ్ ఫోన్. జూన్‌లో ల్యాబ్ కొంచెం తెరుస్తారట. ఒకసారికి ఒక్కరే. హాస్టల్ పిల్లలంతా వెళ్ళిపోయారు.

"తూ సూరత్ మే హీ హై నా?" సూరత్‌లోనే ఉన్నానా అని.

"హా మేడమ్."

"జూన్ మే భీ?" జూన్‌లో కూడానా అని.

"హా మేడమ్."

బాపు వింటున్నాడు. ఆయన బస్సుకు పేర్లిచ్చి వచ్చింది నిన్ననే – నలుగురివి.

మే 24

యుద్ధం. చిన్నగది కాబట్టి ఎవరూ విసురుగా లేచి పోవడానికి కూడా లేదు. అన్నం తింటూనే పోట్లాడాం.

అమ్మ: "మేం ముగ్గురం ఊర్ల, ఆడిపిల్ల సూరత్‌ల. మంది ఏమంటరు?"

"డాక్టరమ్మ అనరా? మీరే చెప్పుకుంట తిరిగిండ్రు గదా, పీహెచ్‌డీ అంటే డాక్టర్ లెక్కనే అని."

అన్న నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగాడు.

బాపు నెమ్మదిగా అడిగాడు, అదే ఎక్కువ కష్టం. "గా చుక్క మల్ల మొలవదా, బిడ్డా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. మళ్ళీ రావచ్చు. రాకపోవచ్చు. వస్తే వేరే మార్పుతో రావచ్చు. "మొలవచ్చు బాపూ. కని గిది నేను జూసింది."

"మరి ఈడ నీకేమన్న అయితే?"

ఏమన్నా కావడం ఒక్క సూరత్‌లోనేనా? ఊళ్ళోనైనా, బస్సులోనైనా కావచ్చు. ఆ మాట అని ఉండాల్సింది.

మే 26

సూరత్‌లోనే, ఆల్థాన్‌లో ఉండే రమక్కకు ఫోన్ చేశాను. ఇడ్లీ, దోశల టిఫిన్ సెంటర్ ఆమెది. డిగ్రీలో ఉన్నప్పుడు సెలవుల్లో అక్కడ పనిచేశాను. ఇప్పుడు కరోనాతో ఇంట్లోనే ఉన్నవాళ్ళకు టిఫిన్ డబ్బాలు పంపుతోంది.

"పైన గది ఖాళీనే ఉంది, రా. పొద్దున డబ్బాలు కట్టాలి, మధ్యాహ్నం నుంచి నీ ఇష్టం. మీవాళ్ళు ఒప్పుకున్నారా?"

"లేదక్కా."

"సరే. దుప్పటి మాత్రం నువ్వే తెచ్చుకో."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఇంత సులభమా? ఇంట్లో మూడు రోజుల యుద్ధం – అక్కడ ఒక దుప్పటి.

మే 27

అమ్మకు చెప్పాను. "మంది కాడ ఇడ్లీలు కడుతవా? గందుకేనా ఎమ్మెస్సీ?"

"అన్న ముందే చెప్పిండు గదా, అవి ఇడ్లీలే అని."

మాట్లాడటం మానేసింది.

జూన్ 2

అమ్మ మాటలు మానేసే ఉంది. కానీ నా పచ్చ చున్నీ చింపి నాలుగు మాస్కులు కుట్టింది. నాలుగూ నాకే. నాకు ఇష్టమైన చున్నీ అది. అడగకుండా చింపినందుకు కోపం రావాలా, వద్దా...

జూన్ 5

పాసులు వచ్చాయి. బస్సు ఎల్లుండి.

"నా పేరు తీసెయ్యి బాపూ. ఇంకెవరన్న పోతరు, పాపం."

"తియ్య." నా వైపు చూడలేదు. "నీ సీటు ఖాళీగనే పోతది. అందరు జూడని."

జూన్ 6

మేడమ్ నుంచి ల్యాబ్ పాస్. సోమవారం, మధ్యాహ్నం.

ఫ్రిజ్ ఈ రెండున్నర నెలలూ నడిచిందో లేదో ఆమెకూ తెలియదట. "ఆ కే దేఖ్" అంది, వచ్చి నన్నే చూసుకోమని.

సర్దుకున్నాను. దుప్పటి, నాలుగు మాస్కులు, రెండు జతలు, నోట్సు. అమ్మ ఒక సంచిలో నా బట్టలు వేరేగా సర్దుతోంది, ఊరికి తీసుకుపోవడానికి. చూశాను.  అన్న ఆ సంచి తీసి మంచం కిందికి తోశాడు. తను మళ్ళీ తీసింది. అతను మళ్ళీ తోశాడు.

చచ్చిపోయి ఉంటే? ఉంటే కొత్త ప్లేట్లు పోస్తాను. ఇరవై డిగ్రీల దగ్గర పెడతాను. ఖాళీని చూస్తూ కూర్చుంటాను. అలవాటైన పనే.

జూన్ 7

బస్సు వచ్చింది. గల్లీ చివర, రైల్వే ఫాటక్ వైపు. ఇంజన్ ఆపలేదు.

బాపు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. "మౌనికా, ఎక్కు."

"పైలంగ పోయిరండి బాపూ."

అమ్మ కిటికీ పక్కన కూర్చుంది, అన్న ఆమె వెనక. పక్క సీటు మీద సంచి పెట్టింది. ఎవరో కూర్చోబోతే – "ఆగుండ్రి, మా బిడ్డొస్తది" – అంది. నాకు వినపడేలాగే అంది.

చుక్క బతికుందో లేదో రేపు మధ్యాహ్నానికి గానీ తెలియదు.

నేను బస్సెక్కలేదు. సూరత్‌లోనే ఉంటున్నాను.