పసుపునీళ్ళు తాగిన తలుపు

ఆగస్టు 3, ఆదివారం

దేవుడికి చెప్పుకుందామంటే సంగతి ఆ దేవుడి గురించే. మా ఆయనకు చెబితే నవ్వుతారు. కోడలికి చెప్పకూడదు. అందుకని పురుగుమందుల కంపెనీ వాళ్ళు మా ఆయనకిచ్చిన డైరీ తీశాను. జనవరి నుంచి ఖాళీగానే ఉంది. పదో తరగతి పరీక్షల తరువాత నేను పెన్ను పట్టి ఇంత రాయడం ఇదే మొదటిసారి.

మా కోడలు ఏంజెల్ వాళ్ళమ్మ, సువార్తమ్మగారు, పదిహేనో తారీఖున చల్లపల్లి నుంచి మా ఇంటికి వస్తున్నారు. వాళ్ళు క్రైస్తవులు. ఫిబ్రవరిలో పిల్లలు రిజిస్టర్ మ్యారేజీ చేసుకున్నప్పుడు రాలేదు. ఆ తరువాతా రాలేదు. ఏంజెల్ ఎప్పుడూ బాల్కనీలో నిలబడే తల్లితో ఫోన్లో మాట్లాడుతుంది, లోపలికి వస్తూనే వెళ్ళి మొహం కడుక్కుంటుంది. అలాంటిది, ఇవాళ ఈ కబురు చెబుతూ చపాతీ మాడ్చేసింది. మాడినది కూడా చూసుకోలేదు పిచ్చిపిల్ల.

ఇక నా బాధ. వచ్చే మనిషి గుమ్మంలో చెప్పులు విడిచి తల ఎత్తగానే కనబడేది మా దేవుళ్ళు. ఈ భవానీపురం ఫ్లాట్ అద్దెది. గోడకు మేకు కొట్టకూడదని ఓనర్ రూలు. వంటింట్లో చోటు లేదు. మా అబ్బాయి ప్రసాదు ఆన్‌లైన్లో క్యూబ్ షెల్ఫ్ తెప్పించి హాల్లో బిగించాడు. అన్నీ చదరపు అరలు, ఒక్కదానికీ తలుపు లేదు. మధ్య అరలో దుర్గమ్మ, వెంకటేశ్వరస్వామి. కింద మోడెం, చెప్పుల పాలిష్.

ఆవిడ అది చూసి గుమ్మంలోంచే వెనక్కి తిరిగితే ఈ పిల్ల ఏమైపోతుంది?

ఆ అరకు తలుపు పెట్టించాలి.

ఆగస్టు 4

దేవుణ్ణి మూసిపెట్టడం తప్పు కాదా? పొద్దున్నుంచి ఇదే. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఆగస్టు 5, మధ్యాహ్నం

తోచింది. కొండమీద అమ్మవారికి కూడా నివేదన వేళ తెర వేస్తారు కదా. సరిగ్గా ఆవిడ వచ్చే వేళకు నేను నైవేద్యం పెడితే, తలుపు మూయడం మర్యాదే అవుతుంది. అమ్మవారికి మర్యాద, వచ్చినావిడకూ మర్యాద.

ఇంట్లో మాత్రం దుమ్ము పడుతోందని చెప్పాను. మా ఆయన, ఏంటి లక్ష్మీ, దేవుడికి కర్ఫ్యూ పెడుతున్నావా అన్నారు. ప్రసాదు, కర్ఫ్యూ కాదు నాన్నా, ప్రైవసీ అన్నాడు. నవ్వుకుంటూనే రెడీమేడ్ తలుపు ఆర్డర్ పెట్టాడు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. గారెలు బాగా కుదిరాయి. తలుపు రాలేదు.

ఆగస్టు 10

తలుపు వచ్చింది. అర కంటే పెద్దది. వేరే కంపెనీ షెల్ఫ్‌కు చేసినదట. మా ఆయన మోకాలు పెట్టి నెట్టి చూశారు. షెల్ఫ్ కదిలింది, ఆయన నడుమూ కదిలింది. ఇద్దరూ పడుకున్నాక, అంటే షెల్ఫ్ గోడకు, ఆయన మంచానికి ఆనుకున్నాక, ఏంజెల్ టేపు తెచ్చి అర కొలిచింది. రిటర్న్ పెట్టేద్దాం అత్తయ్యా, మనమే చేసుకుందాం, ఏముందిందులో అంది.

ఆగస్టు 12, రాత్రి భోజనాలయ్యాక

ఏంజెల్ బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు నుంచి వస్తూ ప్లైవుడ్ షాపులో ముక్క కోయించుకొచ్చింది. తెల్లగా, నున్నగా బాగుంది. లోపలంతా రంపప్పొట్టేనట. నీళ్ళు మాత్రం తగలనివ్వద్దని షాపాయన మరీ మరీ చెప్పాడట.

ఇద్దరం నేల మీద కూర్చుని బందులు బిగించాం. మొదట తలకిందులుగా బిగించాం. విప్పి మళ్ళీ బిగిస్తుంటే ఏంజెల్ తల ఎత్తకుండానే అడిగింది, ఇది దుమ్ము కోసం కాదు కదా అత్తయ్యా అని. నేను స్క్రూలు వెతుకుతున్నట్టు నటించాను. అమ్మ కోసమైతే వద్దండీ, ఆవిడ వచ్చేది మన ఇంటికి, ఎలా ఉంటే అలాగే చూస్తుంది అంది.

ఇన్నాళ్ళూ "మీ ఇల్లు" అనేది. చేతిలో స్క్రూ జారి సోఫా కిందికి పోయింది. దాన్ని వెతకడం మంచిదే అయింది, నా మొహం కనబడలేదు.

తలుపు మాత్రం బిగించేశాం. ఇంత కష్టపడ్డాక వదులుతామా.

ఆగస్టు 14, గురువారం

రేపు శ్రావణ శుక్రవారం. గడప కడిగి పసుపు రాశాను. పక్కనే కొత్త తలుపు బోసిగా కనబడింది. దానికీ చెంబుతో పసుపునీళ్ళు పోసి కడిగి, బొట్లు పెట్టాను. ఇప్పుడు తలుపులా ఉంది.

ఆగస్టు 15, ఉదయం

తలుపు కాస్త బిర్రుగా పడుతోంది. కొత్తది కదా.

పరమాన్నం అయింది. దేవుడికి పెట్టినది వాళ్ళు తినరని విన్నాను. అందుకని సువార్తమ్మగారికి ముందే వేరే గిన్నెలో తీసిపెట్టాను. నైవేద్యం కాకుండా మనిషికి తీయడం నాకు ఊహ తెలిశాక ఇదే మొదలు. అమ్మవారికి చెప్పే తీశాను.

ఆగస్టు 15, సాయంత్రం

రాస్తుంటే ఇంకా నవ్వొస్తోంది.

బెల్లు మోగగానే నైవేద్యం లోపల పెట్టి, దీపం బయట పీట మీద ఉంచి, తలుపు గట్టిగా నెట్టాను. సువార్తమ్మగారు వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో సంచి. కూతుర్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇవాళ మరియమాత పండగండీ వదినగారూ, గుణదలలో పూజ చూసుకుని వస్తున్నాను అన్నారు. పూజా అన్నాను. అవునండీ, మేమూ పూజే అంటాం అన్నారు. ఇంతకాలం తెలియదు నాకు.

నైవేద్యం వేళ దాటింది, ఇక మూసి ఉంచకూడదు. ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఒకసారి తెరిచి దణ్ణం పెట్టుకుని మళ్ళీ మూద్దామనుకున్నాను. రాలేదు. ప్రసాదు లాగాడు. మా ఆయన లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. శ్రావణ శుక్రవారం పూట అమ్మవారు లోపల బందీ! నాకు ఏడుపొచ్చేసింది.

వెనకనుంచి ఆవిడ గొంతు. లోపల ఏముంది వదినగారూ?

నేను ఊడిన పిడి కొంగులో దాచాను. ఏంజెలే చెప్పేసింది, దేవుళ్ళమ్మా, నువ్వు ఇబ్బంది పడతావని అత్తయ్య తలుపు పెట్టింది అని. సువార్తమ్మగారు నన్ను చూశారు, తలుపును చూశారు, సంచి వైపు చెయ్యి చాపారు. వెళ్ళిపోతారనుకున్నాను. ఏంజెల్ నా చెయ్యి పట్టుకుంది.

ఆవిడ సంచిలోంచి కొవ్వొత్తి తీశారు.

చెంగు దోపుకుని షెల్ఫ్ ముందు కూర్చుని అంచు తడిమారు. దీనికి నీళ్ళు పోసిందెవరండీ అన్నారు. నేను బళ్ళోలా చెయ్యి ఎత్తాను. నీళ్ళు కాదండీ, పసుపునీళ్ళు అన్నాను. నిజంగానే, నీళ్ళంటే వాననీళ్ళనుకున్నాను నేను. పసుపునీళ్ళు కూడా నీళ్ళ కిందికే వస్తాయని తోచలేదు.

ఆవిడ పక్కకు తిరిగి నవ్వారు. ముసురు పడితే మా ఊళ్ళో మరియమాత గుడి తలుపులూ ఇంతేనండీ, కొవ్వొత్తి రుద్దుతాం, ముందు అట్లకాడ తెండి అన్నారు. అట్లకాడకు మైనం పట్టించి సందులో దూర్చి, అటూ ఇటూ కదిపి లాగారు. నేను ఆవిడ నడుము పట్టుకున్నాను. తలుపు టక్కున తెరుచుకుంది. ఆవిడ నా ఒళ్ళో, నేను మా ఆయన కాళ్ళ మీద. ఎదురుగా దుర్గమ్మ, పూలు, పరమాన్నం.

ఆవిడ లేవకుండానే అన్నారు: ఇన్నాళ్ళూ తలుపేసుకు కూర్చున్నదాన్ని నేను. మళ్ళీ మీరెందుకండీ వేయడం?

మా ఆయనకు ఏదో ఒకటి అనకపోతే తోచదు. కర్ఫ్యూ ఎత్తేశారు అన్నారు.

మిగిలిన కొవ్వొత్తి ఆవిడ అంచులన్నిటికీ రుద్దారు. భోజనంలో పరమాన్నం వడ్డించబోతే, మెల్లగా, ఇది లోపల పెట్టినదా అండీ అని అడిగారు. కాదండీ, మీకు ముందే తీశాను అన్నాను. చెంచా పట్టుకుని నన్నే చూస్తూ ఉండిపోయారు. ఆ తరువాత రెండుసార్లు వేయించుకున్నారు.

ఆగస్టు 16

ఏంజెల్ బట్టల బీరువాలోంచి మరియమాత బొమ్మ తెచ్చి పక్క అరలో పెట్టుకుంది. ఎన్నాళ్ళుగా చీరల కింద ఉందో! దానికీ తలుపు చేద్దామా అన్నాను. వద్దత్తయ్యా, మీరు కడిగేస్తారు అంది.

ఆగస్టు 18

తలుపు ఇప్పుడు వేలితో తోస్తే పడుతుంది. కానీ నైవేద్యానికి తప్ప వేయడం లేదు. ఈ పుస్తకం దుర్గమ్మ పటం వెనక పెడుతున్నాను, అరిగిన కొవ్వొత్తి ముక్క పక్కన. ఎవరి చేతికి వచ్చినా దాచండి. ఎవరికీ చూపించకండి. తడి మాత్రం తగలనివ్వకండి, పసుపుదైనా సరే.