ఏరేటర్ బోర్డుకి కొబ్బరినూనె

బావగారికి మీ మరదలు నమస్కరించి రాస్తున్నాను. కాపురానికి వచ్చాక మీ ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. అందుకే ఈ కాగితం మీ క్యారేజీలో పెడుతున్నాను.

రొయ్యల చెరువు మీద నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్ల కరెంటు బోర్డులో మళ్ళీ మెరుపులు వస్తున్నాయండి. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా కొబ్బరినూనె రాయమని మీరన్నారు కదా, మీ తమ్ముడు రోజూ రాస్తున్నారు. ఆ జిడ్డుకి ఉప్పూ దుమ్మూ అంటుకుని, చెమ్మ చేరి, కరెంటు ఒక తీగ నుంచి ఇంకో తీగకి దూకుతోందని ఎలక్ట్రీషియన్ రమణబాబు గారు చెప్పారు. మెయిన్ ఆపి, జిడ్డంతా తుడిచి, బాగా ఆరాక వార్నిష్ పూయాలట.

ఈ మాట మీ తమ్ముడికి నేను చెబితే, "అన్నయ్య చెప్పేడు, రాస్తాను. నీకేం తెలుసే?" అన్నారు. నిన్న ఆయన ముంజేయి కాలింది. మీకు చెప్పొద్దన్నారు.

నూనె సీసాలు దాచి దాచి అలిసిపోయానండి. మనింట్లో కొబ్బరినూనెకి కరువా? ఒకటి దాస్తే ఇంకోటి దొరుకుతుంది. రాయమన్నది మీరు గనుక, మీరు వద్దంటేనే మానతారు. నేను రాశానని మాత్రం అనకండి, మీకే తోచినట్టు చెప్పండి.

సాయంత్రం క్యారేజీలో ఈ కాగితం లేకపోతే, మీరు చదివారనుకుంటాను.

మీ మరదలు