నడిమి సీటు

ఏమండీ,

మీరు ఏటా వాయిదా వేసిన చైనా ప్రయాణాన్ని ఇప్పుడు మన మనవరాలు నిత్య తలకెత్తుకుంది. వారం రోజులు, మబ్బుల్లో మునిగిన కొండలు, రాళ్లు పరిచిన పాత ఊళ్లు. రిటైరయ్యాక వెళ్దాం అనేవారు. అన్నట్టే వెళ్లారు, చైనాకి మాత్రం కాదు.

నాకిప్పుడు ఓపిక లేదు. ఇక్కడ శాన్ రామన్‌లో మెయిల్‌బాక్స్ దాకా వెళ్లి రావడానికే మోకాళ్లు మొరాయిస్తున్నాయి.

"అమ్మమ్మా, కొండ మీదికి కేబుల్ కార్ ఉంది. అన్నీ నేను బుక్ చేస్తా. నువ్వు జస్ట్ నడిస్తే చాలు."

"ఆ నడవడమే నా వల్ల కాదే!"

రానని తేల్చి చెప్పేలోపే అది లాప్‌టాప్‌లో విమానం సీట్ల బొమ్మ చూపించింది. "విండో సీట్ నీకే, ఓకే?"

మీతో తిరిగినన్నాళ్లూ కిటికీ పక్క సీటు మీదే. విమానం లేవకముందే గురక మొదలుపెట్టేవారు. ఆల్ప్స్ అయినా, హిమాలయాలైనా మీ ముక్కు మీదుగానే చూశాను. ఎంత తిట్టుకున్నానో!

"కిటికీ నువ్వే తీసుకో. నాకు నడిమి సీటు బుక్ చెయ్యి," అన్నాను.

"మిడిల్ సీట్ ఎవరికైనా కావాలా, అమ్మమ్మా?"

"నాకు కావాలి. కొండల్ని ఒకరి ముక్కు మీదుగా చూడటమే నాకు అలవాటు. నీకు మీ తాతయ్య ముక్కే వచ్చింది, పనికొస్తుంది."