మౌస్ తిప్పింది నేనే

చిరంజీవి మేనల్లుడికి,

కంప్యూటరు మౌస్ కదలడం లేదు కాబట్టి మా కోడలు ఇంట్లో కూర్చుని నీ ఆఫీసు పని ఎగ్గొడుతోందని తేల్చి, సోమవారం నుంచి ఆఫీసుకు రమ్మని హుకుం జారీ చేశావట. ఆ పిల్ల ఇళ్ల ప్లాన్లు కాగితం మీద పరచుకుని, పెన్సిలుతో తప్పులు పట్టుకుంటుంది నాయనా. మొన్న రెండంతస్తుల ఇంటికి మెట్లే గీయలేదని కనిపెట్టింది అలాగే. ఆ రోజు మౌస్ కదలికలు లెక్కపెట్టే నీ కంప్యూటరు ఆమెకు సున్నా వేసింది.

నిన్న ఆమె వంటింటి బల్ల మీద ప్లాను దిద్దుతుంటే, చెప్పకుండా నేనే మౌస్ పట్టుకుని సాయంత్రం దాకా గిరగిరా తిప్పాను. "భేష్, పనంటే ఇదీ!" అని ఆమెను మెచ్చుకున్నావు. చిన్నప్పుడు నువ్వు పుస్తకం తెరిచి కునుకు తీస్తుంటే, చదువుతున్నావని మా అక్క కూడా ఇలాగే మురిసిపోయేది. నువ్వు తప్పిన పరీక్షలు నాకింకా గుర్తే.

ఆ పిల్లను ఇంట్లోనే పని చేసుకోనీ. ఆఫీసులో మౌస్ తిప్పే మనిషే కావాలంటే సోమవారం నేనొస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య