మేతనేలకు మూడేళ్ల సెలవు

వికారాబాద్, సోమవారం

అమ్మా, దండాలు. నేను బాగున్నాను. ఫోన్‌లో చెబితే ఏడుస్తానని కార్డు రాస్తున్నాను. తమ్ముడు మల్లేశ్వర్ మెల్లగా చదివి వినిపిస్తాడు.

అరబ్బు దేశాల అభివృద్ధి లక్ష్యాల మీద కాలేజీలో నేను రాసిన వ్యాసానికి మొదటి బహుమతి వచ్చింది. నాయిన గొర్రెలు కాసే ఎడారిలో గడ్డి పెంచడానికి బ్యాంకులు డబ్బిచ్చాయని, అది మొలిచి నిలిచేదాకా అక్కడి ప్రభుత్వం మూడేళ్లు మేత ఆపిందని రాశాను. 'నేల ఊపిరి పీల్చుకుంటుంది' అని కూడా రాశాను. ఆ మాట నాకెంతో నచ్చింది. నిన్న నాయిన ఫోన్ చేస్తే సంబరంగా అంతా చదివాను.

"మస్తు రాసినవ్ బిడ్డా" అన్నాడు. ఆ వెంటనే, "మేత బందయిందని మా సేటు తన గొర్లన్నీ అమ్మేసిండు. సర్కారోళ్లు ఆయనకు పైసలిచ్చిన్రు. మరి కాసేటోడు యాడికి పోవాలె? గది రాయలేదా?" అని అడిగాడు.

రాయలేదమ్మా. నాకు తెలియనే తెలియదు. నెల రోజులుగా ఖాళీ డేరాలో ఒక్కడే ఉన్నాడట. పాస్‌పోర్టు సేటు దగ్గరే ఉందట.

ఇనుప పెట్టెలో నాయిన పాస్‌పోర్టు జిరాక్స్ ఉంటుంది. రేపే తమ్ముణ్ణి తాండూరు పంపి ఇంకో కాపీ తీయించి, రిజిస్టర్ పోస్టులో నాకు పంపు. నాయినను ఇంటికి పంపించమని మా కాలేజీ సారు అక్కడి మన రాయబార కార్యాలయానికి రాస్తానన్నారు. నాయనమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆమెకు దండాలు చెప్పు, ఈ సంగతి మాత్రం చెప్పకు.

నా ఫీజుకని మన పన్నెండు గొర్రెలను సంతకు తోలకమ్మా. నాయిన వచ్చేనాటికి ఆయన కాయడానికి కొన్నయినా ఉండాలి.

నీ బిడ్డ
స్నేహలత