తమ్ముడు చూడమన్న ఏడు సినిమాలు

ఏప్రిల్ 8, మంగళవారం

ఇయ్యాల పొద్దున ఎట్ల గడిచిందో రాసి పెట్టుకుంటున్న. విశేషం ఏమీ లేదు. అందుకే రాయాలనిపించింది.

ఐదుకు లేచిన. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు. స్నానం, దీపం. అగర్బత్తి పట్టుకొని వెనక గది నుంచి ముందుకు, పిండి గిర్నీలోకి. రాయికి పసుపు, బొట్టు. దోసెడు బియ్యం పోసి మోటారు వేసిన. బెల్టు మొదట మూలుగుతది, తర్వాత సర్దుకుంటది. బాపు ఉన్నప్పటి నుంచి అదే మూలుగు. మౌలాలి దిక్కు రైలు కూత. ఫ్యాక్టరీలకు మొదటి షిఫ్టు బస్సులు.

ఆరున్నరకు పద్మ టీచర్. ఎదురు గల్లీ, కాకినాడ వాళ్లు. గోధుమల డబ్బా.

"సత్తెమ్మగారూ, ఈసారి ఇంకాస్త మెత్తగా పట్టాలండీ."

"ఇంక మెత్తగంటే గాలికి లేచిపోతది టీచరమ్మా."

నవ్వింది. మనవడికి ఎనిమిదో నెలట, రాగులు మొలకెత్తించి ఎండబెడుతుందట. జావకు. ఎండినంక తెస్తానన్నది.

తర్వాత వరుసగా డబ్బాలు. మూత చూస్తే ఎవరిదో తెలుస్తది, పేరు రాయక్కర్లేదు. బియ్యం ముందు, గోధుమలు, జొన్నలు తర్వాత. మిరపకాయలు గురువారం సాయంత్రం మాత్రమే — గల్లీ అంతటికీ తెలుసు. శుక్రవారం పొద్దున మొట్టమొదట నా జొన్నలు రెండు కిలోలు వేసి తిప్పుత. రాళ్లల్ల ఘాటు అంతా ఆ పిండిల దిగుతది. గిర్నీ కడిగిన పిండి అది. ఎవ్వరికీ ఇయ్యను. అప్పట్ల బాపు తినేది. ఇప్పుడు నేను. వారమంతా నా రొట్టె జర కారంగుంటది. కూర తక్కువ పడుతది, అదీ మంచిదే.

రెండింటికి షట్టర్ సగం దించిన. మళ్ల నాలుగు నుంచి ఏడు. ఏడు దాటితే ఈ డైరీనే.

ఏప్రిల్ 9, బుధవారం

తమ్ముడు శ్రీధర్ వచ్చిండు. ఉప్పల్‌ల కంపెనీ కొలువు పోయి మూడు నెలలు. చొక్కా ఇస్త్రీ మాత్రం ఆపలేదు.

నా ఫోన్ల ఏడు సినిమాల పేర్లు పంపిండు. అన్నీ డబ్బు, బిజినెస్, పైకి రావడం గురించేనట. పాత ట్యాబ్ ఒకటి తెచ్చి, జల్లెడకు ఆనించి నిలబెట్టిండు. అన్నిట్ల తెలుగు మాటలు పెట్టి ఇచ్చిండు.

"నోటితోని చెప్తే నీకు అర్థం కాదక్కా. ఇవి చూడు. ఒక్కోదానికి ఐదుకు ఎన్ని స్టార్లో నాకు పంపు."

"సినిమా చూసే తీరిక ఏడిది రా?"

"రెండు నుంచి నాలుగు దాక ఏం జేస్తున్నవ్?"

ట్యాబ్ మీద పడ్డ పిండి కొంగుతోని తుడిచిన.

వాడు అనుకుంటున్నదేందో తెలుసు. గిర్నీని కంపెనీ చేయాలె. పిండి, కారం, పసుపు — ప్యాకెట్లల్ల, దుకాణాలకు. గల్లీల డబ్బాలు పట్టుడు బంద్. గిర్నీ బాపు నా పేరు మీద పెట్టి పోయిండు, నేను వద్దంటే ఆగుతది. ఇరవై ఏడు ఆదివారం అందరం కూర్చోవాలట. ఆ లోపల ఏడూ చూడాలట.

ఏప్రిల్ 10, గురువారం

మొదటిది. గొడుగులమ్మి పెద్దోడైన ఒకాయన. ఆఖరుకు ఎత్తైన బంగళా, అద్దం ముందల నిలబడి ఊరంతా చూస్తడు. ఆయన అన్నం తినంగ ఒక్కసారి గూడ చూపించలేదు.

మూడు స్టార్లు. గొడుగులు బాగున్నయి.

సాయంత్రం మిరపకాయలు. తుమ్ములు.

ఏప్రిల్ 11, శుక్రవారం

గిర్నీ కడిగిన. రొట్టె చేసుకున్న.

రెండోది — ఇద్దరు స్నేహితురాండ్లు, సబ్బుల కంపెనీ. ఒకామె కాగితం చదవకుండా సంతకం పెడుతది. పెట్టకు పెట్టకు అని పైకే అన్న. గదిల నా గొంతు నాకే కొత్తగ అనిపించింది. నాలుగు స్టార్లు, ఆ ఏడుపు నిజంగ ఉన్నది.

ఏప్రిల్ 12, శనివారం

హనుమాన్ జయంతి. గిర్నీ తీయలేదు. గుడిల కూర్చున్న చాలాసేపు.

ఏం మొక్కుకోవాలో తెలువలేదు. శ్రీధర్‌కు కొలువు రావాలని మొక్కితే గిర్నీ నాకు మిగులుతది. అంటే అది నా కోసం మొక్కినట్టే గదా. చాలీసా చదివి, ఏమీ అడగకుండ వచ్చిన.

ఏప్రిల్ 14, సోమవారం

మూడోది. పెద్ద గది నిండ మొగోళ్లు, ఫోన్లల్ల అరుస్తనే ఉంటరు. ఏం అమ్ముతున్నరో చివరిదాక తెలువలేదు. మధ్యల నిద్ర పట్టింది.

రెండు స్టార్లు పంపిన.

"అక్కా, అది అన్నిట్లకు గొప్ప సినిమా!" అని ఫోన్ జేసిండు.

"నిద్ర మంచిగ పట్టింది రా. దానికే రెండు."

చాన్నాళ్లకు వాడు నవ్వంగ విన్న. ఫోన్ పెట్టినంక కొంచెంసేపు ట్యాబ్ ముందల్నే కూర్చున్న. నల్లగ ఉన్నది, నా ముఖమే కనపడుతున్నది.

ఏప్రిల్ 16, బుధవారం

నాలుగోది. ఇది రాయాలె.

ఒక పిల్లగాడు. వాళ్ల మేనత్తకు రొట్టెల బట్టీ. అతనికి దాన్ని దేశమంతా తీసుకపోవాలని. ఆమె వద్దంటది. రెండంటే రెండుసార్లు కనపడుతది — ఒకసారి పిండి చేతులతోని, ఒకసారి తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి. తర్వాత ఆమె మళ్ల లేదు. పిల్లగాడు గెలిచిండు, చప్పట్లు కొట్టిన్రు, పాట వచ్చింది.

ఆఖర్న పేర్లు పోతుంటే ఆపి ఆపి వెతికిన. ఆమెకు పేరు పెట్టలేదు. 'అత్త' అని ఉన్నది.

శ్రీధర్ ఇది కావాలనే పెట్టిండా, వరుసల వచ్చిందా?

స్టార్లు పంపలేదు.

ఏప్రిల్ 17, గురువారం

"నాలుగోదానికి ఎన్ని?" అని వాడి మెసేజీ. చూసిన. ఫోన్ పక్కకు పెట్టిన.

ఏప్రిల్ 19, శనివారం

ఐదోది సగం. ఆరోది మొదలు గూడ పెట్టలేదు.

ఇన్ని సినిమాలల్ల ఎవరికీ పక్కింటోళ్లు లేరు. అందరూ పెద్ద రోడ్లమీద కార్లల్ల ఉంటరు. డబ్బా చేతికిచ్చి 'మీ మోకాళ్లు ఎట్లున్నయి' అని అడిగేటోళ్లు ఒక్కరు లేరు.

నన్ను ఇయ్యాల ముగ్గురు అడిగిన్రు. లెక్కపెట్టుకున్న, సిగ్గనిపించింది.

ఏప్రిల్ 21, సోమవారం

రేపు కాప్రాల ఉండే చెల్లె విజయ ఇంట్ల సత్యనారాయణ వ్రతం. పొద్దున్నే పోవాలె. గిర్నీ బంద్ పెడుతనన్న. శ్రీధర్ ఊకోలేదు.

"ఒక్కరోజు నన్ను చూసుకోనీయ్ అక్కా. చిన్నప్పుడు గిర్నీ నడపలేదా ఏంది నేను?"

నడిపిండు, పదో తరగతి సెలవులల్ల. తాళంచెవి ఇచ్చిన. పద్మ టీచర్ రాగులు ఇచ్చి పోయింది, జాగ్రత్తగ పట్టమన్న.

ఏప్రిల్ 22, మంగళవారం

వ్రతం మంచిగైంది. ప్రసాదం తెచ్చిన. విజయ అన్నది — "నువ్వు గూడ జర సుఖపడాలె సత్తెక్కా, ఎన్నేండ్లు ఆ దుమ్ముల." అంటే శ్రీధర్ ఆమెతో గూడ మాట్లాడిండు.

వచ్చేసరికి శ్రీధర్ కనుబొమ్మల దాక పిండి, మస్తు సంతోషంగ ఉన్నడు. హాస్టల్‌కు మిరపకాయలు పట్టి ఇచ్చిండట, పెద్ద ఆర్డరు, పొద్దున్నే దొరికిందట.

"ఇయ్యాల మంగళవారం రా."

"వారం చూస్తే వ్యాపారం అయితదా అక్కా?"

గిర్నీల ముక్కు మండింది. తర్వాత ఏం పట్టినవ్ అన్న. 'రాగులు' అన్నడు. మధ్యల జొన్నలు వేసి తిప్పినవా? — నా ముఖం చూసిండు. మూలకు నా జొన్నల డబ్బా నిండుగనే ఉన్నది.

"మంచి జొన్నలు ఊకనే తిప్పి ఏం జేస్తం? వేస్ట్ కాదా?"

చెప్పులు వేసుకొని ఎదురు గల్లీకి ఉరికిన. తాళం. మనవడిని తీసుకొని బిడ్డ ఇంటికి పోయిందట, రాగిపిండి గూడ పట్టుకొని. ఫోన్ చేసిన, ఎత్తలేదు. మళ్ల చేసిన.

ఏప్రిల్ 23, బుధవారం

పొద్దున పద్మ టీచర్ వచ్చింది. డబ్బా లేకుండ.

"సత్తెమ్మగారూ, రాత్రి జావ నోట్లో పెట్టగానే పిల్లాడు గుక్క తిప్పుకోకుండా ఏడ్చాడండీ. పెదాలు ఎర్రగా కందిపోయాయి. పాలు పట్టి పట్టి పడుకోబెట్టాం. ఇప్పుడు బాగానే ఉన్నాడు. మీరు పట్టారు కదా అని నేను రుచి కూడా చూడలేదండీ."

తప్పైంది టీచరమ్మా అన్న. నేను పట్టలేదు, తమ్ముడు పట్టిండు అని నోటిదాక వచ్చింది. అనలేదు. గిర్నీ నాది.

మధ్యాహ్నం శ్రీధర్‌కు చెప్పిన. గోడకు ఆనుకొని నిలబడ్డడు.

"నాకెవ్వరు చెప్పలేదక్కా, గట్ల కడగాలని."

నిజమే. బాపు నాకు గూడ చెప్పలేదు, నేను చూసి నేర్చుకున్న. వీళ్లూ చూసే ఉంటరు అనుకున్న. చూసినోళ్లు లేరు. వారమంతా నా రొట్టె ఎందుకు కారంగుంటదో ఎవ్వరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తప్పు ఇద్దరిది.

వాడు మెల్లగ అన్నడు — "ఏదన్న ఒక్క పని నా చేతుల సక్కగ కావాలె అక్కా. ఒక్కటి."

నలభై నాలుగేండ్లు వానికి. తల నిమిరిన. గోడకు అంటిన పిండి రాలింది.

ఏప్రిల్ 24, గురువారం

మిరపకాయలు పట్టనని బోర్డు పెట్టిన. రాళ్లు విప్పించి, కడిగించి, ఎండబెట్టిన. శ్రీధర్ నా పక్కనే ఉండి రెండు చేతులతో తోమిండు.

ఏప్రిల్ 25, శుక్రవారం

జొన్నలు రెండుసార్లు తిప్పిన. అయినా మనసు ఒప్పలేదు. నా రాగులు కొన్ని పట్టి, జావ కాసి, ముందు నేను తాగిన. ఘాటు లేదు. గిన్నెల పోసుకొని టీచర్ ఇంటికి పోయిన. పిల్లగాడు నన్ను చూసి నవ్విండు, వాడికేం తెలుసు. టీచర్ గిన్నె తీసుకున్నది. పిల్లగానికి పట్టలేదు. పక్కకు పెట్టింది.

తలుపు దాక వచ్చి సాగనంపింది. పొంగకముందే దించిన పాలలెక్క ఉండె ఆమె మాట.

ఏప్రిల్ 26, శనివారం

మల్లాపూర్ పోయే దారిల ఇంకో గిర్నీ ఉన్నది. పద్మ టీచర్ అటే పోతదేమోనని పొద్దటి నుంచి రోడ్డు దిక్కే చూసిన. చూడొద్దనుకుంటనే చూసిన. మనసుల జపించే నామం తప్పింది రెండుసార్లు.

ఐదింటికి వచ్చింది. చేతుల డబ్బా.

"మళ్లీ మొలకెత్తించానండీ రాగులు. ఇంకో పూట ఎండాలి, ఇక్కడ మీ డాబా మీద ఆరబెట్టండి. సోమవారం పొద్దున్న పట్టండి." బల్ల మీద పెట్టింది. "మీరే ఉంటారుగా?"

"ఉంట."

"ఎవరికీ ఇవ్వకండి. మీ చేత్తో పట్టాలి."

"నేనే పడుత."

ఆమె పోయినంక దేవుని ముందల చాలాసేపు కూర్చున్న. టీచర్‌ను మళ్ల పంపిండు, అడగనిది ఇచ్చిండు. అడగలేదు గదా, అందుకే దాచుకోవాల్నంటే భయమైతున్నది.

ఏప్రిల్ 27, ఆదివారం

పొద్దున రాగులు పైన ఆరబోసిన. ఎండ గట్టిగనే ఉన్నది.

సాయంత్రం అందరూ వచ్చిన్రు. విజయ, శ్రీధర్, మరదలు లావణ్య. చాయ్ పెట్టిన. లావణ్య బజ్జీలు తెచ్చింది. చాన్నాళ్లకు ఇల్లు నిండింది, నాకు ముందు అదే సంతోషం.

శ్రీధర్ ల్యాప్‌టాప్ తెరిచిండు. ప్యాకెట్ బొమ్మ. పసుపు రంగు, మధ్యల గుండ్రం. "ఆడ నీ ఫోటో వస్తదక్కా. ఫౌండర్ వి నువ్వే." విజయ "అబ్బ, మా అక్క సినిమా యాక్టర్ లెక్క" అన్నది. లావణ్య నా నెత్తి సవరించింది, ఫోటోకు ఎట్లుంటదో చూసింది.

పోయిన మంగళవారం సంగతి వాడే ఎత్తిండు, దాచలేదు. "గందుకే అక్కా. స్టీలు మిషన్లు తెస్తం. కారానికి వేరే, పిండికి వేరే. చిన్న పిల్లలకు మళ్ల గట్ల కావద్దు." ఆ మాట సరైనదే. ఎట్ల కాదంట?

అనుకున్నదిది — మే నెల మొదటి నుంచి గల్లీల డబ్బాలు తీసుకోవద్దు. రాళ్లు తీసేయాలె. ముందు గది ప్యాకింగుకు. నేను వెనక గదిల ఉండాలె, సుఖంగ, పూజ చేసుకుంట. కాగితం మీద సంతకం బుధవారం. ఫోటో తీసే ఆయన రేపు ఆరున్నరకే వస్తడు, పొద్దటి వెలుగు మంచిదట.

"రేపు పొద్దున టీచర్ రాగులున్నయి" అన్న.

"అవి లావణ్య మిక్సీల వేసిస్తది తియ్ అక్కా."

"గిర్నీ కడిగిన పిండి ఎవరు తింటరు?" అని అడిగిన. ఎందుకడిగిన్నో నాకే తెలువదు.

"స్టీలుకు కడిగే పని ఉండదక్కా!" నవ్విన్రు అందరూ. ప్రేమగనే నవ్విన్రు.

అప్పుడు చూసుకున్న — గిర్నీ తలుపుకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్న. ఎప్పటి నుంచో తెలువదు. చెయ్యి తీసిన. శ్రీధర్ చూసిండు. వాని నవ్వు ఆగింది. "అక్కా, ఆ నాలుగో సినిమా..." అన్నడు. లావణ్య చాయ్ గ్లాసులు ఎత్తుతుంటే మాట అక్కడనే ఆగిపోయింది.

నన్ను అడిగిన్రు. సరే అనలేదు. వద్దు అనలేదు. సరే అన్నట్టే అనుకొని ఎవరిండ్లకు వాళ్లు పోయిన్రు.

డాబా మీదికి పోయి రాగులు ఎత్తిన. ఒకటి పంటి కింద పెట్టి చూసిన. టక్కుమన్నది. బాగా ఎండినయి. డబ్బాల పోసి, మూత పెట్టి, రాయి పక్కన పెట్టిన. టీచర్ ఆరున్నరకు వస్తది.