మిషన్ కారు నాలుగు ప్లగ్గులు

1946 ఫిబ్రవరి 4

పట్నం నుంచి పెద్ద డాక్టరమ్మ ఉత్తరం. నెలాఖరుకు మన దవాఖాన కారు నడవకపోతే లాక్కుపోతారట, కందుకూరు క్లినిక్ మూసేస్తారట. యుద్ధంలో పెట్రోల్ దొరక్క నాలుగేళ్ల కింద షెడ్డులో పెట్టిన కారు. ఇప్పుడు పెట్రోల్ ఉంది, కారే లేవదు. డ్రైవర్ నూరుద్దీన్ భాయ్ హ్యాండిల్ తిప్పి తిప్పి అలసిపోయి, స్పార్క్ ప్లగ్గులు తీసి కడగాలన్నాడు. అవేమో తుప్పుపట్టి బిగుసుకున్నాయి.

మార్చి మొదట్లో కందుకూరు సత్తమ్మకు కాన్పు. పోయినసారి నేను ఎడ్లబండిలో చేరేసరికి బిడ్డ పోయింది. ఈసారి ముందే వస్తానని మాటిచ్చాను. ఇచ్చేముందు ఈ ప్లగ్గుల సంగతి నాకు తెలియదు.

ఫిబ్రవరి 6

వార్డు ఆముదం ఒక ఔన్సు, దీపాల గ్యాస్ నూనె రెండు ఔన్సులు. ప్లగ్గుల మొదళ్లలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కేస్ షీట్ కూడా రాసి పెట్టాను. ఇంజనుకు విరేచనాలు పట్టిస్తున్నవా అని ఆయా శ్యామలమ్మ ఒకటే నవ్వు.

ఫిబ్రవరి 9

కదిలాయి! నాలుగూ పావు చుట్టు తిరిగాయి. ఇంకా తిప్పబోతే నూరుద్దీన్ భాయ్ నా చేతిలోంచి పానా తీసుకున్నాడు. "జర సబర్ చెయ్యి నర్సమ్మా. ఇరిగితే సగం లోపల్నే ఉంటది. రోజుకింత తిప్పాలె," అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా బండ్లు నడిపిన మనిషి. సరేనన్నాను.

ఫిబ్రవరి 10

మళ్లీ బిగుసుకున్నాయి.

ఫిబ్రవరి 13

నిన్న సాయంత్రం వదులు. ఈ ఉదయం గట్టి. చలికి ఇనుము ముడుచుకుంటుందని బళ్లో చెప్పారు. అలాగైతే ప్లగ్గు వదులవ్వాలి కదా, మరి ఇదేమిటి? చార్టులో ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేశాను. ప్రార్థనలో ప్లగ్గుల పేరెత్తవచ్చో లేదో కూడా తెలియదు. ఎత్తాను.

ఫిబ్రవరి 16, ఉదయం 7

నిన్న వదులు చేశాక ఒక్కో ప్లగ్గు మీది నుంచి ఇంజను మీదికి, పుండ్లకు పూసే ఊదారంగు జెన్షన్ వయలెట్‌తో గీత గీశాను. ఇప్పుడు చూస్తే గీతలు రెండు ముక్కలయ్యాయి. ప్లగ్గు వైపు ముక్క బిగింపు దిక్కుకు జరిగి ఉంది. ఇనుము సంగతి కాదిది, ఎవరో బిగిస్తున్నారు.

షెడ్డు తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి నూరుద్దీన్ భాయ్ దగ్గర. తన నౌకరీ తానే ఎవరైనా పోగొట్టుకుంటారా? నా తాళంచెవి ఎత్తుకుపోయిందేమోనని కాసేపు శ్యామలమ్మను అనుమానించాను. ఛీ, నాది పాడు బుద్ధి.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 3

వార్డు పని తొందరగా అయిపోయి షెడ్డుకు వెళ్లాను. నూరుద్దీన్ భాయ్ పానా పట్టుకుని ప్లగ్గులు బిగిస్తున్నాడు. ముఖం గోడ వైపు ఉంది, వేళ్లు మాత్రం ప్లగ్గు నుంచి ప్లగ్గుకు తడుముకుంటూ పోతున్నాయి. కోపంతో లోపలికి నడిచాను. నాలుగడుగుల దూరంలో, పట్టపగలు, తెల్ల చీరలో నిలబడ్డాను.

ఆయన తలెత్తి నా వైపే చూశాడు. "ఎవరది?" అన్నాడు.

అదే రోజు, సాయంత్రం

ఆయన రెండు కళ్లకూ మోతీబిందు, శుక్లాలు. రోజూ ఆయనతో మాట్లాడుతూ నేను కనిపెట్టలేదు. నేనేం నర్సును! పట్నంలో ఆపరేషన్ చేస్తారని చెబితే, చేయించుకుంటే తన అన్నకు ఉన్న చూపు కూడా పోయిందన్నాడు.

"బండి పండుకున్నన్ని దినాలు నేను డ్రైవర్ని. నడిచిన్నాడు నేనెవర్ని?" అని అడిగాడు. సత్తమ్మ గురించి చెప్పాను. ఆయన పానా తుడిచి, గ్యాస్ నూనె ఇంకింత పొయ్యమన్నాడు.

ఫిబ్రవరి 21

నాలుగూ వచ్చేశాయి. ఆయనే తీశాడు, తడుముతూ. ముందు కొంచెం బిగించి, తర్వాత కొంచెం వదిలి, మళ్లీ బిగించి. మూడోదాని పింగాణీ పగిలింది, ఇనుము మాత్రం చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. పాత డబ్బాలో ఇంకొకటి దొరికింది. ఇంజను లేచిన మోతకు శ్యామలమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. నేను ఏడ్చాను, ఎవరి కోసమో తెలియలేదు.

ఫిబ్రవరి 27

దవాఖాన వెనక బీడులో క్లచ్, గేరు, క్లచ్, గేరు. స్టీరింగు ముందు కూర్చుని నేను తొక్కుతాను, ఆయన పక్కన చెవి పెట్టి విని తిడతాడు. "గట్ల గుంజకు, గేర్లు ఏడుస్తున్నయ్!"

పెద్ద డాక్టరమ్మకు రాశాను: కారు నడుస్తోంది, డ్రైవర్ నూరుద్దీన్. ఇది అబద్ధమో కాదో నాకే తెలియడం లేదు.

మార్చి 4, కందుకూరు

సత్తమ్మకు నొప్పులింకా మొదలవలేదు. ముందే చేరాం.

దారిలో, ఒక మలుపు ముందు, పక్క సీట్లోంచి నూరుద్దీన్ భాయ్ "ఆపు, గొర్లొస్తున్నయి" అన్నాడు. నాకేమీ కనిపించలేదు. ఆపాను. గొర్రెలు వచ్చాయి.